అవ్వ దాటని గట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచిన రోజులు తక్కువ, జోరీగ అని పిలిచిన రోజులు ఎక్కువ. చెవి దగ్గర చేరి అడిగిందే అడుగుతానని ఆ పేరు. వాన రాకముందే చీమలు గుడ్లు మోసుకుపోతాయి కదా, వాటికి ఎవరు చెప్తారు? తిరుమణిలో కురిసిన వాన పక్క ఊరు బలసముద్రంలో ఎందుకు కురవలేదు? మా నాయన రెండో ప్రశ్నకే కండువా దులుపుకుని లేచిపోయేవాడు. మా అమ్మ ఏదో ఒక పని చెప్పి బయటికి పంపేసేది. ఓపిగ్గా జవాబు చెప్పేది మా అవ్వ ఒక్కతే. తెలిస్తే తెలిసింది చెప్పేది, తెలియకపోతే అప్పటికప్పుడు ఒకటి కల్పించి చెప్పేది. నాకు రెండూ ఒకటే.

అలాంటి అవ్వ ఒక ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు, కల్పించి కూడా చెప్పలేదు. అది మా ఎర్రచేని సంగతి. ఎర్రచేను గుట్ట వారగా ఉండేది. ఎక్కడా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే కంచె బయట నిలబడి, సోలార్ పలకల వరసల్లోకి చెయ్యి చాపి అదిగో అనాలి. చూసినవాళ్లకు ఏ వరసో అర్థం కాదు. మా తాతకు పెళ్లయిన కొత్తలో అక్కడంతా రాళ్లేనట. ఆయన గడ్డపారతో లేపిన రాళ్లను అవ్వ తట్టతో మోసి చుట్టూ గట్టు వేసిందట. తాతను నేను చూడలేదు, నేను పుట్టకముందే పోయాడు. అవ్వ మాత్రం ఆ చేలోకి దిగేటప్పుడు చెప్పులు గట్టు మీదే విడిచేది. ఎందుకే అవ్వా అంటే, మీ తాత చేను కదమ్మీ అనేది.

మాకు ఇంకో చేను ఉండేది గాని అది మెట్ట, గులకరాళ్లు. ఇంటికి ఏడాదికి సరిపడా నూనె, మళ్లీ వేసుకోవడానికి విత్తనం, రెండూ ఎర్రచేను నుంచే రావాలి. ఆ చేను పండకపోతే మరుసటి ఏడు ఎవరి గుమ్మం ముందో నిలబడి విత్తనం అడుక్కోవాలి. ఇది పిల్లనైన నాకూ తెలుసు.

ఆ రోజుల్లో కొత్త సేద్యం నేర్పడానికి సర్కారు ఊళ్లకు గ్రామసేవక్ అనే ఉద్యోగిని పంపేది. మాది కన్నడ రాజ్యంలో తెలుగు మాట్లాడే ఊరు. మా ఊరికి వచ్చిన గ్రామసేవక్ సారుది తుమకూరు అవతలి ఊరు. ఆయన మాట కన్నడం. తెలుగు అర్థమయ్యేది గాని, మాట్లాడాలంటే ఒక్కొక్క మాటకూ వెతుక్కునేవాడు. సైకిలు హ్యాండిలుకు సంచి, ఆ సంచి నిండా విత్తనాల పొట్లాలు. వేరుశెనగ విత్తనానికి మందు పట్టించి వేస్తే మొలక చావదనీ, సాళ్లకు మధ్య ఎడం సరిగ్గా ఉంటే కాయ నిండుతుందనీ రచ్చకట్ట దగ్గర కూర్చుని చెప్పేవాడు. మగవాళ్లందరూ తలలు ఊపేవారు. ఊపి, ఇళ్లకు పోయి, ఎప్పటిలాగే వేసుకునేవారు. పెద్దమనిషి చెప్పినప్పుడు ఔననడం మా వైపు మర్యాద, చెయ్యడం వేరే సంగతి. ఆ మర్యాద ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

చెప్పి చెప్పి విసిగి, ఎవరో ఒకరి చేలో చేసి చూపిస్తానన్నాడు సారు. విత్తనం, మందు సర్కారువి, పండింది మొత్తం చేనివాళ్లదే. అందరూ అప్పుడు కూడా తలలు ఊపారు గాని చేను ఇస్తామని ఎవరూ అనలేదు. మా నాయనకు సారు మీద జాలేసిందో, నలుగురిలో గొప్పగా ఉంటుందనిపించిందో, ఎర్రచేను ఇస్తానన్నాడు. ఒక కాగితం మీద వేలిముద్ర వేశాడు. రెండు రోజులకు గట్టు మీద రేకు బోర్డు ఒకటి నాటారు, దాని మీద కన్నడ అక్షరాలు. అవ్వను అడగాలని నాయనకు తోచలేదు. ఇంట్లో తల్లిని అడిగి చేసే పనులు, అడక్కుండా చేసే పనులు అని మగవాళ్లకు ఒక విభజన ఉండేది. చేను రెండో దాంట్లోకి వస్తుందని ఆయన అనుకున్నాడు.

విత్తే రోజు అవ్వ తలస్నానం చేసి, ఒడిలో విత్తనాలు కట్టుకుని వచ్చింది. మా ప్రాంతంలో వేరుశెనగను ఎవరూ ఒంటిగా వెయ్యరు. కొన్ని సాళ్లకు ఒక సాలు వదిలి అందులో కందులు, అనుములు, అలసందలు కలిపి వేస్తారు. దాన్ని అక్కడిసాలు అంటారు. వేరుశెనగ మంచిచెడ్డలు మగవాళ్లవి. అక్కడిసాలు మాత్రం ఇంటి ఆడవాళ్లది. దాని విత్తనం వాళ్లే బూడిద కలిపి కుండలో దాస్తారు, వాళ్ల చేత్తోనే వేస్తారు, కాసింది వాళ్ల వంటింటికే పోతుంది. మా పొయ్యి మీద పప్పు ఉడికిందంటే అది ఆ సాలు చలవే.

అవ్వ ఒడి ముడి విప్పబోతుంటే సారు చెయ్యి అడ్డం పెట్టాడు. ఈ మడిలో వేరుశెనగ ఒకటే వెయ్యాలని, ఇంకోటి కలిస్తే మందు పని చేసిందో లేదో తెలియదని, అది ఆఫీసు వాళ్ల ఉత్తరువని నాయనకు కన్నడంలో చెప్పాడు. ఆయన మాటలో కోపం లేదు, చెప్పాల్సింది చెప్పాడంతే. అవ్వ ముడి మళ్లీ బిగించింది. చెప్పులు వేసుకుని ఇంటికి వచ్చేసింది. సాయంత్రం విత్తనాల కుండ దించి, అటక మీదికి ఎక్కించమని అమ్మకు ఇచ్చింది. మెట్టచేలో వెయ్యాలి కదత్తా అని అమ్మ అంటే, ఎక్కించు అని మాత్రం అంది.

ఆ రోజు నుంచి అవ్వ ఎర్రచేలో అడుగు పెట్టలేదు.

ముందు నేను గమనించలేదు. మెట్టచేనికి పోవాలంటే ఎర్రచేనికి అడ్డంగా పడి పోవడమే మాకు అలవాటు. ఒకరోజు అవ్వ నా చెయ్యి పట్టుకుని గట్టు వెంబడి గుట్ట దాకా పోయి, చుట్టూ తిరిగి తీసుకుపోయింది. మరుసటి రోజూ అంతే. అడ్డంగా పోతే దగ్గర కదా అని అడిగాను. అవ్వ వినబడనట్టు నడిచింది. ఇక నాకు నిద్ర పట్టలేదు. చేలో పామును చూసిందేమో అనుకుని పోయి కట్టెతో సాళ్లన్నీ తట్టి వచ్చాను. సర్కారు మందు వాసన పడలేదేమో అనుకుని వంగి మట్టి వాసన చూశాను. మామూలు మట్టి వాసనే. చివరికి కావాలనే నా బంతిని చేలోకి విసిరి, తెచ్చిపెట్టు అవ్వా అన్నాను. గట్టు అంచు దాకా వచ్చింది. ఒంగి చూసింది. నువ్వే పోయి తెచ్చుకో అని వెనక్కి తిరిగింది. అప్పుడు ఆమె ముఖం చూసి మొదటిసారి నాకు భయం వేసింది.

ఆ ఏడు వానలు బాగా కురిశాయి. వేరుశెనగతో పోటీ పడి గడ్డి లేచింది. కలుపు తియ్యడం ఆడవాళ్ల పని. అత్త దిగని చేలో కోడలు ఎట్లా దిగుతుంది? కూలికి రమ్మంటే ఆడవాళ్లు రాలేదు. సర్కారు చేను, మనం చెయ్యి పెడితే ఏమంటారో అన్నారు. గొర్రెలవాళ్లు మందను అల్లంత దూరం నుంచే మళ్లించుకుని పోయేవారు. అంత మర్యాద మా ఊళ్లో గుడి మాన్యానికి కూడా దొరకలేదు. కలుపు సంగతి ఏందమ్మా అని నాయన అడిగితే మోకాళ్ల నొప్పులని చెప్పింది అవ్వ. ఆయన నమ్మాడు. ఆ మోకాళ్లతోనే రోజూ గుట్ట చుట్టూ తిరిగి పోతోందని నేను చెప్పబోతే నోరు మూసుకోమన్నాడు.

వేరుశెనగ పూత మీదికి వచ్చింది. పూత నుంచి ఊడ మట్టిలోకి దిగే లోపు కలుపు తీసి మట్టి గుల్ల చెయ్యకపోతే కాయ ఉండదు. అది తెలిసి కూడా మా ఇంట్లో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు.

అలాంటి సమయంలో సారు వచ్చాడు. బ్లాకు ఆఫీసు నుంచి పెద్ద సాహేబు మడిని చూడడానికి వస్తున్నాడని, ముందుగా ఒకసారి చూసుకుందామని వచ్చాడు పాపం. సైకిలు స్టాండు వెయ్యడం కూడా మరిచిపోయి వదిలేశాడు, అది పక్కకు పడింది. యజమాన్రే, ఏంది ఇది అన్నాడు నాయనతో. నాయన తల వంచుకున్నాడు. తమాషా చూడడానికి ఊళ్లోవాళ్లు అప్పటికే గట్టు మీద చేరారు. సారు ముఖం ఎర్రబడింది. కన్నడంలో గట్టిగా ఏదో మొదలుపెట్టాడు. అంతలో ఆయన చూపు అవ్వ మీద పడింది.

అవ్వ గట్టు అవతల గడ్డి కోస్తోంది. గట్టు మీద గడ్డిని శుభ్రంగా, వేళ్లతో సహా తీసేసింది. గట్టుకు లోపలి వైపు జానెడు దూరంలో మోకాలెత్తు గడ్డి ఉంది, దాన్ని ముట్టుకోలేదు. గీత గీసినట్టు ఉంది. సారు ఆ గీతనే చూస్తూ ఉండిపోయాడు. అరవడం ఆపేశాడు. పోయి, అవ్వకు ఎదురుగా గట్టు మీద కూర్చున్నాడు.

"అవ్వా, మీరు లోపలికి ఎందుకు రారు?"

నేను ఇన్నాళ్లూ అడిగిన ప్రశ్న అది. అవ్వ కొడవలి ఆపకుండా గడ్డి కోస్తూనే ఉంది. మోకాళ్ల నొప్పులని నాయన చెప్పబోయాడు. సారు ఆయన వైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తాడు. నేను నోరు తెరిచాను, నా వైపూ అదే చెయ్యి. ఆ తరువాత ఆయన ఇంకేమీ అడగలేదు. ఇంకోలా తిప్పి అడగలేదు, బతిమాలలేదు, కసురుకోలేదు. ఊరికే కూర్చున్నాడు. గాలికి బోర్డు రేకు టకటకమంది. అవతల ఎవరో ఎద్దుల్ని అదిలించారు. పెద్దవాళ్లు ఇంతమంది ఒకచోట చేరి అంతసేపు మాట్లాడకుండా ఉండడం నేను ముందెన్నడూ చూడలేదు. నాకు నాలుక దురద పెట్టింది. ఆయనకు తెలుగు మాటలు దొరక్క ఆగాడో, ఆగాలని తెలిసే ఆగాడో ఈ రోజుకీ నాకు తెలియదు.

అవ్వ కొడవలి కింద పెట్టింది.

"ఇది మాది గాదు కదప్పా. బోర్డు నాటినారు. మావోడు ఏలిముద్ర ఏసినాడు. నా ఇత్తనం ఈడ పనికిరాదని ఎనక్కి పంపినారు. మా ఇంటాయన రాళ్లేరిన చేను, నా కండ్ల ముందరే పరాయిదైపాయె. ఇంగ నేను యాడని కాలు పెట్టేది?"

అట్లనుకున్నావామ్మా అన్నాడు మా నాయన. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. ఆ వేలిముద్ర ఈ ఒక్క పంటకేనని, చేను ఎక్కడికీ పోలేదని చెప్పడం మొదలుపెట్టాడు. అవ్వ వినడం లేదు. ఊళ్లోవాళ్లు మాత్రం శ్రద్ధగా విన్నారు. వాళ్లలో చాలామంది కూడా చేను పోయిందనే అనుకుంటున్నారని నాకు అప్పుడు తెలిసింది.

సారు లేచి చేలోకి దిగాడు. నడిమి సాలు దగ్గర వంగి ఒక వేరుశెనగ మొక్కను పట్టుకుని పీకాడు. కలుపు కాదు, పైరునే. పసుపు పూలతో కళకళలాడుతున్న మొక్క. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి పీకాడు. సారూ సారూ అని నాయన అంటూనే ఉన్నాడు, ఆయన ఆగలేదు. ఇంకోటి పీకాడు. తాను తెచ్చిన విత్తనం, తాను మందు పట్టించిన విత్తనం.

ఏం జేస్తాండావప్పా అంటూ అవ్వ గట్టు దిగింది. దిగడం కాదు, దాదాపు పరిగెత్తింది. మోకాలెత్తు గడ్డిని తొక్కుకుంటూ పోయి ఆయన మణికట్టు పట్టుకుంది.

"పూత మీద ఉండే పైరును పీకుతారా యాడన్నా? పాపం గాదా?"

"మీ సాలు వెయ్యాలి కదా అవ్వా," అన్నాడాయన మాటలు వెతుక్కుంటూ. "చోటు కావాలి."

"చోటుకేంది, గట్టెంబడి కావాల్సినంత ఉండాది. దీన్ని పీకబాకు."

అంటూనే అవ్వ కిందికి చూసుకుంది. నడిచేలో నిలబడి ఉంది, అదీ చెప్పులతో. చెప్పుల కాళ్లతో ఆమె ఆ మట్టి తొక్కడం అదే మొదటిసారి. ఒకటి విడిచింది, రెండోది విడిచింది. వాటిని గట్టు మీదికి విసిరేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపు వచ్చింది గాని, ఏడుస్తూనే నా ప్రశ్నకు జవాబు దొరికిందని సంతోషపడ్డాను. అంత చిన్నదాన్ని.

కుండ దింపి తెమ్మని అవ్వ నన్నే పంపింది. కందులకు అదను దాటిందని వాటిని పక్కకు తీసి, అలసందలు, అనుములు మాత్రం గట్టు లోపలి వైపు ఒక సాలుగా వేసింది. సారు చిన్న పారతో ముందు ముందు గీత తీస్తూ పోయాడు. తమాషా చూడడానికి వచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరే కొంగులు దోపుకుని కలుపులోకి దిగారు. ఇక అది సర్కారు చేను కాదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అవ్వ వంగి కలుపు తీస్తుంటే చాలింది.

పెద్ద సాహేబు వచ్చినప్పుడు గట్టు వెంబడి ఆ సాలు రెండాకులు వేసి ఉంది. ఇదేమిటని అడిగాడు. ఈ ఇంటి అమ్మ సాలు సార్, ఇది లేకపోతే ఈ ఇంటివాళ్లు మడిలోకి రారు అన్నాడు మా సారు. సాహేబు కొంచెం కసిరాడు, రాసిచ్చిన పద్ధతి ప్రకారం చెయ్యాలన్నాడు. మా సారు ఔనని తల ఊపాడు. మా ఊరి మర్యాద అప్పటికే ఆయనకూ అబ్బినట్టుంది. తరువాతి కాలంలో వేరే ఊళ్లలో సర్కారు వేయించిన మళ్లలో కూడా అక్కడిసాలు లేదని విన్నాను. ఆఫీసు అంత తొందరగా మారదు. మా ఊళ్లో మాత్రం ఆ పంట పీకిన రోజు అవ్వ ఒక మొక్కను పైకెత్తి, వేళ్ల నిండా కాయను చూసి, సర్కారోళ్ల మందులో పస ఉండాదిలే అంది. మరుసటి ఏడు చాలా ఇళ్లలో విత్తనానికి మందు పట్టించారు. ఎన్ని నెలలు రచ్చకట్ట దగ్గర చెప్పినా జరగనిది అది. సారుకు వేరే తాలూకాకు బదిలీ అయింది. పోయే ముందు అవ్వ ఆయనకు అలసందలు మూటగట్టి ఇచ్చింది.

ఆయన పైరు పీకింది అవ్వను లోపలికి రప్పించడానికి వేసిన ఎత్తా, లేక నిజంగానే ఆమెకు చోటు చెయ్యాలనా? చాలా ఏళ్లు ఈ ప్రశ్నను నమిలాను. ఇప్పుడు అది నాకు పెద్దగా పట్టదు. పైరు పీకే ముందు ఆయన కూర్చున్న ఆ కాసేపు ఉంది చూశారా, నాకు అదే గుర్తుంది. నేను కూడా అదే ప్రశ్న అడిగాను, పదిసార్లు అడిగాను. కానీ అడిగిన వెంటనే ఇంకోటి అడిగేదాన్ని. అవ్వకు మాట బయటికి తీసే సందు ఎప్పుడూ ఇవ్వలేదు.

ఎన్నో ఏళ్ల తరువాత మా ప్రాంతానికి సోలార్ వచ్చినప్పుడు, చేలు లీజుకు అడగడానికి కంపెనీ వాళ్లు ఊళ్లో మీటింగు పెట్టారు. మగవాళ్లు బాడుగ సంగతి మాట్లాడారు, మాట్లాడాల్సిందే. వానను నమ్ముకుని విసిగిపోయిన వాళ్లం మేము. మా ఇంట్లోనూ ఇద్దామనే అనుకున్నాం. అందరూ తలలు ఊపుతున్నారు. మా ఊళ్లో గొర్రెలు మేపే ఒకామె, నాకు చెల్లెలి వరస, గోడవారగా కూర్చుని ఉంది. ఆమె తల ఊపడం లేదు, మాట్లాడడం లేదు. పోయి పక్కన కూర్చుని, ఏంది చెల్లీ నీ మనసులో అని అడిగాను. ఆమె నేల చూసింది. మీటింగులో టీలు ఇచ్చారు, నా చేతిలో టీ చల్లారిపోయింది. కంపెనీవాళ్లు ఫైళ్లు సర్దుకుంటున్నారు. ఇంకోమాట అడగాలని నాకు ప్రాణం లాగేసింది. పెదవి కొరుక్కుని కూర్చున్నాను.

అప్పుడంది. "గొర్రెలు నీళ్లకు పోయే దావ కంచె లోపలికి పోతాదేమో అక్కా. ఇంగ నేను మందను అమ్ముకోవల్లనా?"

బాడుగ గురించి అంతసేపు మాట్లాడిన వాళ్లలో ఒక్కరికీ ఆ దారి గుర్తు రాలేదు. నాకూ రాలేదు. ఆమెను చెయ్యి పట్టుకుని కంపెనీ ఇంజనీరు ముందుకు తీసుకుపోయాను. ఆ కుర్రాడు మంచివాడు, పటం విప్పి ఎక్కడో చూపించమన్నాడు. రెండు కంచెల మధ్య దారి వదిలారు. మేత తగ్గింది, మంద కూడా సగమైంది, ఆ బాధ నేను తీర్చలేకపోయాను. కానీ ఆ దారిలో గొర్రెలు ఈ రోజుకీ నీళ్లకు పోతున్నాయి.

అడగడం నాకు పుట్టుకతోనే వచ్చింది. అడిగాక ఆగడం ఒక కన్నడం సారు దగ్గర నేర్చుకున్నాను. నా మనవరాలు ముఖం మాడ్చుకుని బడి నుంచి వచ్చినప్పుడు, కోడలు పొయ్యి ముందు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నప్పుడు, ఏమైందని ఒక్కసారే అడుగుతాను. ఆ తరువాత నోరు మూసుకుని కూర్చోవడం ఈ జోరీగకు ఇంత వయసొచ్చినా కష్టమే. ఆ రోజు ఆయన ఇంకొంచెం తొందరపడి ఉంటే, మా అవ్వ తన చేను పోయిందనే అనుకుంటూ కన్ను మూసి ఉండేది. అది తలుచుకుని కూర్చుంటాను.